రెండు ఓవర్‌డ్రైవ్ పెడల్స్‌లో ఏది ఉంచాలి? పైగా బోర్డు నుంచి కీచుమని శబ్దం

ఆరుతీగలు (రాత్రి 11:20)
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని, ఇంకా తేల్లేదు. నా దగ్గర రెండు ఓవర్‌డ్రైవ్‌లున్నాయి, అంటే గిటార్ సౌండ్‌ని గరుగ్గా చీల్చే పెడల్స్. ఒకటి ట్యూబ్ స్క్రీమర్ తరహాది, ఇంకోటి బ్లూస్ డ్రైవర్ తరహాది. పెడల్స్ అమర్చే బోర్డు మీద ఒక్కదానికే చోటుంది. మొదటిది పెడితే సౌండ్ సన్నబడిపోయి ముక్కుతో పాడినట్టుంది. రెండోది పెడితే బాస్ అంతా ముద్దైపోయి, కార్డ్ కొడితే ఏ తీగ మోగుతోందో తెలియట్లేదు. నాబ్‌లన్నీ తిప్పి చూశాను. ఇది చాలదన్నట్టు ఏది ఆన్ చేసినా వెనకాల సన్నగా కీచుమంటోంది. కేబుళ్లు మార్చినా పోలేదు. డిలే (ప్రతిధ్వని పెడల్) రిపీట్లు కూడా ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి. రెండిట్లో ఏది మంచిది? లేక రెండూ తీసేసి మూడోది కొనాలా? దయచేసి సూటిగా చెప్పండి.

9ఓల్టులు (11:26)
యాంప్‌లో క్లీన్ ఛానెలా, సౌండ్‌ని తనే చీల్చే డ్రైవ్ ఛానెలా? బోర్డుకి పవర్ ఎలా ఇస్తున్నారు? ఈ రెండూ చెప్పకుండా జవాబు లేదు.

మంద్రం (11:41)
అందరూ పెడల్ పేరు అడుగుతారు, కేబుల్ పొడవు ఎవరూ అడగరు. సన్నబడింది, మసకబారింది అంటే నేను ముందు చూసేది అదే. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి బోర్డుకి 6 మీటర్లు, బోర్డు నుంచి యాంప్‌కి 6 మీటర్లు అనుకోండి. పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ నేరుగా దాటిపోయే రకం) అయితే, ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ తీగల కింది పికప్‌కి 1,200 పికోఫారడ్ల బరువు తగులుతుంది. 2.5 హెన్రీల సింగిల్ కాయిల్ పికప్ 500 పికోఫారడ్ల దగ్గర 4,500 హెర్ట్జ్‌లో మెరుస్తుందనుకుంటే, 1,200 దగ్గర ఆ మెరుపు 2,900కి దిగిపోతుంది. గిటార్ మీద టోన్ నాబ్ కొంచెం తగ్గించినట్టే వినిపిస్తుంది.

మందు ఒక్కటే, పెడల్స్ గొలుసు మొదట్లో ఒక మంచి బఫర్, అంటే సిగ్నల్‌ని కేబుల్ బరువు నుంచి కాపాడే చిన్న సర్క్యూట్. ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) లోపలికి 1 మెగాఓమ్, బయటికి 1 కిలోఓమ్ లేదా అంతకంటే తక్కువ ఉంటే చాలు. ఆ తర్వాత కేబుల్ ఎంత పొడవున్నా బెంగ లేదు. ట్రూ బైపాస్ అన్న ముద్ర చూసి పెడల్ కొనడం మానాలి. ఆరు ట్రూ బైపాస్ పెడల్స్ వరసగా పెడితే అది ఆరు స్విచ్‌లున్న పొడవాటి తీగ, అంతే.

9ఓల్టులు (11:44)
మొదట్లో బఫర్డ్ ట్యూనర్ ఉంటే బఫర్ ఉన్నట్టే. పైగా ఓవర్‌డ్రైవ్ ఆన్‌లో ఉన్నప్పుడు అదే బఫర్ పని చేస్తుంది. ఆయన ఫిర్యాదు ఆన్ చేసినప్పటి సౌండ్ గురించి.

మంద్రం (11:50)
నిజమే, ఆన్‌లో ఉంటే తేడా ఉండదు. కానీ ఆఫ్ సౌండ్ మసగ్గా ఉంటే, ఆన్ చేసిన పెడల్ దాంతో పోలికలో గరుగ్గా, సన్నగా అనిపిస్తుంది. పోల్చడానికి ఆధారమే తప్పైతే పోలికకి విలువ లేదని నా మాట. ఒక జాగ్రత్త. ఫజ్ ఫేస్ తరహా ఫజ్ (ఇంకా ముతకగా చీల్చే పెడల్) ఉంటే బఫర్ దాని వెనకాలే రావాలి, ముందు కాదు. ఆ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ. పికప్‌తో నేరుగా కలిస్తేనే గిటార్ వాల్యూం తగ్గించినప్పుడు శుభ్రపడుతుంది.

శ్రుతిపక్షం (రాత్రి 12:05)
అసలు రెండూ ఓవర్‌డ్రైవ్‌లేనా అన్నది నా సందేహం. సౌండ్‌ని చీల్చే డయోడ్‌లు ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్‌లో ఉంటే ఓవర్‌డ్రైవ్, గ్రౌండ్‌కి ఉంటే డిస్టార్షన్. ఈ తేడా తెలియకుండా పోల్చకూడదు.

టంకం (12:19)
శ్రుతిపక్షం గారూ, ఆ నిర్వచనం పుస్తకంలో నిలుస్తుంది గానీ పెడల్ డబ్బా మీద నిలవదు. డీఓడీ 250 పేరు ఓవర్‌డ్రైవ్ ప్రీయాంప్. ఎంఎక్స్ఆర్ వాళ్లది డిస్టార్షన్ ప్లస్. రెండూ 741 ఆప్‌యాంప్, గ్రౌండ్‌కి రెండు డయోడ్‌లు, దాదాపు ఒకే సర్క్యూట్. ఒకదాంట్లో సిలికాన్, ఇంకోదాంట్లో జెర్మేనియం. పేర్లు మాత్రం వేరు.

ఆరుతీగలు గారూ, మీరు చెప్పిన రెండు లక్షణాలకీ కారణం సర్క్యూట్‌లోనే ఉంది. ట్యూబ్ స్క్రీమర్‌లో గెయిన్ దశ దగ్గర 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. ఈ జంట వల్ల 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గుతూ వస్తుంది. బాగా కింది బాస్ పెరగకుండా, చీలకుండా, వచ్చింది వచ్చినట్టే దాటిపోతుంది. ఆ దశ తర్వాత ఇంచుమించు అదే చోట హై కట్ (పై స్వరాల కోత) కూడా ఉంది. అందుకే మధ్యలో మూపురం లేస్తుంది. మీరు ముక్కుతో పాడినట్టుందన్నది దాన్నే. ఇది లోపం కాదు, ఆ పెడల్ పుట్టిందే దానికి. ఎస్‌డీ-1 అనే పెడల్ కూడా ఈ వంశంలోదే. ట్యూబ్ స్క్రీమర్‌లో అటొకటి ఇటొకటి డయోడ్‌లుంటే, ఎస్‌డీ-1లో ఒకవైపు రెండు, ఒకవైపు ఒకటి. అందుకని క్లిప్పింగ్ (చీలిక) అసమానంగా ఉంటుంది.

బ్లూస్ డ్రైవర్ దారి వేరు. ట్రాన్సిస్టర్లతో కట్టిన రెండు గెయిన్ దశలు, బాస్‌ని అంతగా కొయ్యదు. క్లీన్ యాంప్‌లోకి పెడితే నిండుగా ఉంటుంది. ఇప్పటికే చీలుతున్న యాంప్‌లోకి అదే బాస్ వెళ్తే ముందు బాసే చీలుతుంది, పై తీగల్ని మింగేస్తుంది. కాబట్టి మీ యాంప్ డ్రైవ్ ఛానెల్లో ఉందని నా అనుమానం. రిపీట్లు కలిసిపోవడం కూడా అదే చెప్తోంది. పవర్ వివరాలు పెట్టండి, కీచు సంగతి అక్కడ తేలుతుంది.

ఆరుతీగలు (12:31)
అవునండీ, డ్రైవ్ ఛానెలే. అది చెప్పక్కర్లేదనుకున్నాను, ఎప్పుడూ అందులోనే వాయిస్తాను. డిలే, రివర్బ్ అన్నీ గిటార్‌కీ యాంప్‌కీ మధ్యే ఉన్నాయి. పవర్‌కి 9 ఓల్టుల అడాప్టర్ ఒకటి, 500 యాంప్స్. దాని నుంచి ఐదు ప్లగ్గుల డైసీ చెయిన్, అంటే ఒకే తీగ మీద అన్ని పెడల్స్‌కీ పవర్. ఒక్కోటి లాగేది చూస్తే ట్యూనర్ 30, ఓవర్‌డ్రైవ్ 10, కోరస్ 20, డిలే 65, రివర్బ్ 300.

శ్రుతిపక్షం (12:36)
500 మిల్లీయాంపియర్లు అనండి. యాంప్ అంటే ఇక్కడ యాంప్లిఫయర్ అనే అందరూ చదువుతారు, తప్పు జవాబు వస్తుంది.

మంద్రం (12:40)
అడాప్టర్ చాలట్లేదు, అదే కీచుకి కారణం. 1,000 మిల్లీయాంపియర్లది తీసుకోండి.

టంకం (12:58)
కూడండి. 30, 10, 20, 65, 300 కలిపితే 425. 500లో సరిపోతుంది. మిగులు 75 మాత్రమే, నేనైతే కనీసం 20 శాతం మిగులు లేకుండా వాడను, ఎందుకంటే డిజిటల్ పెడల్స్ ఆన్ అయ్యే క్షణంలో ఎక్కువ లాగుతాయి. కానీ కరెంట్ చాలకపోతే వచ్చే లక్షణాలు వేరు. రివర్బ్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, లైటు మసకబారుతుంది, సౌండ్ తెగి తెగి వస్తుంది. 1,000ది కొన్నా ఆ కీచు అలాగే ఉంటుంది.

కీచుకి కారణం పంచుకోవడం. డిజిటల్ డిలే, రివర్బ్ లోపల క్లాక్ (చిప్‌ని నడిపే వేగమైన తాళం) నడుస్తుంటుంది, అవి కరెంట్‌ని ఒకే తీరున కాకుండా కుదుపులుగా లాగుతాయి. డైసీ చెయిన్‌లో అన్నిటికీ తిరుగు దారి ఒకే తీగ. ఆ తీగ మీద ఆ కుదుపులు చిన్న ఓల్టేజీగా మారతాయి. ప్యాచ్ కేబుల్ షీల్డ్ ద్వారా గ్రౌండ్ ఇంకో దారిలో కూడా కలిసి ఉంది కాబట్టి ఆ ఓల్టేజీ సిగ్నల్‌లోకి చొరబడుతుంది. ఓవర్‌డ్రైవ్ దాన్ని గిటార్‌తో పాటు పెంచుతుంది. అందుకే అది ఆన్ చేసినప్పుడే బయటపడుతోంది.

శబ్దాన్ని సరిగ్గా వినండి. లోతుగా గుంయ్‌మంటే అది 50 లేదా 60 హెర్ట్జ్ మెయిన్స్ హమ్, గ్రౌండ్ లూప్ గానీ సింగిల్ కాయిల్ గానీ. గిటార్‌ని తిప్పితే తగ్గిందా, పికప్పే. సన్నగా ఈలలా ఉండి, డిలే తీసేస్తే మారిందా, క్లాక్ శబ్దం.

ఒక 9 ఓల్టుల బ్యాటరీతో ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఓవర్‌డ్రైవ్‌కి ఉన్న డీసీ ప్లగ్ పీకేయండి, అది జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ కలవదు. పీకిన ప్లగ్ కొసకి టేప్ చుట్టండి. దాని బయటి గొట్టం పాజిటివ్, జాక్‌లకి తగిలితే షార్ట్ అవుతుంది. బ్యాటరీ పెట్టండి. ఇన్‌పుట్‌లో కేబుల్ గుచ్చితేనే పెడల్ ఆన్ అవుతుందని మర్చిపోకండి. మిగతావి డైసీ మీదే ఉంచి వాయించండి. ఈల పోతే రోగం తెలిసినట్టే.

9ఓల్టులు (1:04)
ఐసొలేటెడ్ సప్లయ్ (ప్రతి అవుట్‌పుట్‌కీ విడి గ్రౌండ్ ఉండేది) కొనడమే.

టంకం (1:15)
అదే మంచిది, కానీ రేపే కొననక్కర్లేదు. రివర్బ్‌కి ఒక విడి అడాప్టర్, డిలేకి ఒకటి ఇచ్చి, మిగతా మూడిటినీ డైసీ మీద ఉంచినా చాలా బోర్డులు నిశ్శబ్దమైపోతాయి. 9 ఓల్టులేనా, మధ్య పిన్ నెగటివేనా అని రెండుసార్లు చూడండి. మిల్లీయాంపియర్లు ఎక్కువున్నా పెడల్ తనకి కావలసినంతే లాగుతుంది, ఏమీ కాదు. ఓల్టేజీ ఎక్కువైతేనో పొలారిటీ తిరగబడితేనో పెడల్ పోతుంది.

సప్లయ్ కొంటే, ఎనిమిది అవుట్‌పుట్‌లున్నంత మాత్రాన అది ఐసొలేటెడ్ కాదు. గోడ ప్లగ్ తీసేసి, పెడల్స్ అన్నీ విప్పేసి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, రెండు అవుట్‌పుట్ కేబుళ్ల మధ్య పిన్‌లని తాకండి. బీప్ వచ్చిందంటే లోపల గ్రౌండ్ కలిసే ఉంది. అది డబ్బాలో పెట్టిన డైసీ చెయిన్. ఇంకోటి, ఒక్కో అవుట్‌పుట్ పరిమితి విడిగా చూడాలి. మొత్తం 1,000 అని రాసి ఉన్నా ఒక్కో దాంట్లోంచి 100 మాత్రమే వస్తే మీ రివర్బ్ నడవదు.

శ్రుతిపక్షం (1:22)
పాతకాలం పీఎన్‌పీ జెర్మేనియం ఫజ్ ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. అవి పాజిటివ్ గ్రౌండ్, అంటే పొలారిటీ మామూలు పెడల్స్‌కి తిరగబడి ఉంటుంది. మామూలు పెడల్స్‌తో డైసీ మీద పెడితే సప్లయ్ నేరుగా షార్ట్ అవుతుంది. విడి అవుట్‌పుట్ తప్పనిసరి.

ఆరుతీగలు (1:34)
నా దగ్గర ఫజ్ లేదండీ. బ్యాటరీ ఉంది, చూస్తాను. కానీ అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. ఏది ఉంచుకోవాలి?

టంకం (1:52)
డ్రైవ్ ఛానెల్ మీదే వాయించేట్టయితే స్క్రీమర్ తరహాది. బహుశా మీరు డ్రైవ్ నాబ్ గడియారం ముల్లులా మూడు గంటల దగ్గర, లెవెల్ సగంలో పెట్టి ఉంటారు. అలా పెడితే చీలికంతా పెడల్‌లోనే జరిగి, నలిగిపోయి బయటికొస్తుంది, యాంప్‌కి పనే ఉండదు. తిరగేయండి. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ రెండు మూడు గంటల దగ్గర, టోన్ సగం. యాంప్ గెయిన్ కొద్దిగా తగ్గించండి. ఇప్పుడు పెడల్ చీల్చదు, తోస్తుంది. బాస్‌ని పెంచకుండా మధ్యస్థాయిని తోస్తుంది కాబట్టి తాళం బిగువుగా, తీగ తీగ విడిగా వస్తుంది.

క్లీన్ ఛానెల్ మీద ఒక్క పెడల్‌తోనే చీలిక రావాలంటే మాత్రం రెండోది. గెయిన్ తొమ్మిది పది గంటల దగ్గర మొదలుపెట్టి, యాంప్ మీద బాస్ తగ్గించండి.

పోల్చేటప్పుడు ఆన్, ఆఫ్ వాల్యూం సమానంగా ఉండాలి. ఇది చాలామంది వదిలేస్తారు. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి చెప్తుంది, అది పెడల్ గొప్పదనం కాదు. ముందు రెండిటినీ ఆఫ్‌తో సమానం చేసి సౌండ్ స్వభావం వినండి, తర్వాత లెవెల్ పెంచి యాంప్‌ని తోసినప్పుడు ఎలా ఉందో విడిగా వినండి. ఒంటరిగా వింటే నిండుగా అనిపించేది బాస్, డ్రమ్స్ మధ్య కనిపించకపోవచ్చు. ముక్కుతో పాడినట్టున్నదే అక్కడ వినిపిస్తుంది. ఒక బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని మరీ నిర్ణయించండి.

డిలే సంగతి. యాంప్ వెనక సెండ్, రిటర్న్ జాక్‌లు (ప్రీయాంప్ తర్వాత పెడల్స్ పెట్టే లూప్) ఉంటే డిలే, రివర్బ్ అక్కడికి మార్చండి. సెండ్ నుంచి డిలే ఇన్‌పుట్, డిలే నుంచి రివర్బ్, రివర్బ్ నుంచి రిటర్న్. ఇప్పుడు రిపీట్లు ప్రీయాంప్‌లోకి (యాంప్‌లో చీలిక జరిగే మొదటి భాగంలోకి) వెళ్లి మళ్లీ చీలుతున్నాయి, అదే మీరు చెప్పిన కలగాపులగం. లూప్ లెవెల్ స్విచ్ ఉంటే −10 (తక్కువ లెవెల్) మీద పెట్టండి, +4 (ఎక్కువ లెవెల్) సిగ్నల్‌కి కొన్ని 9 ఓల్టుల పెడల్స్ ఇన్‌పుట్‌లోనే చీలతాయి. లూప్ లేకపోతే డిలే మిక్స్ తగ్గించడం, లేదా యాంప్‌ని క్లీన్‌కి తెచ్చి చీలికంతా డిలేకి ముందే పెడల్‌తో చేయడం. అప్పుడు మళ్లీ రెండో పెడల్ వైపు మొగ్గుతుంది లెక్క.

మంద్రం (1:58)
లూప్‌కి వెళ్లే రెండు పొడవాటి కేబుళ్లకి కూడా బఫర్ గురించి ఆలోచించండి. సెండ్‌కి బఫర్ లేని యాంప్‌లు ఉన్నాయి.

ఆరుతీగలు (2:17)
బ్యాటరీతో కీచు పూర్తిగా పోయింది. లూప్ ఉంది, ఇంతవరకు వాడలేదు. పెడల్స్ పోలిక రేపు చేస్తాను. థాంక్సండీ.

కొత్తతీగ (ఉదయం 7:48)
నాకూ ఇదే ఈల, కానీ డైసీ కాదు, ఐసొలేటెడ్ సప్లయే. మీటర్ పెడితే బీప్ రావట్లేదు. డిలేని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపినప్పుడే వస్తోంది. ఎవరికైనా తెలుసా?