ఫస్ట్ క్లాస్ దాటిన తర్వాత స్కౌట్ ర్యాంకులు ఆలస్యమెందుకు?

ప్రశ్న: స్కౌటింగ్ అమెరికా (పూర్వపు బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా) ట్రూపులో, అంటే స్థానిక స్కౌట్ బృందంలో ఉన్న మా అబ్బాయి టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ ర్యాంకులను చకచకా పూర్తి చేశాడు. మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో అంశం నేర్చుకున్నందుకు ఇచ్చేవి) కూడా చాలానే ఉన్నాయి. అయినా తర్వాతిదైన స్టార్ ర్యాంకు ఇంకా ఇవ్వలేదు. కారణం చెప్పగలరా?

జవాబు 1: కింది ర్యాంకుల పనులను ఒకేసారి చేసుకోవచ్చు, ర్యాంకులు మాత్రం వరుసగానే ఇస్తారండీ. స్టార్ నుంచి కాలపరిమితి తోడవుతుంది. ఫస్ట్ క్లాస్ వచ్చాక కనీసం 4 నెలలు ట్రూపులో చురుగ్గా ఉండి, పెట్రోల్ లీడర్ (ట్రూపులోని చిన్న జట్టుకు నాయకుడు) వంటి బాధ్యతను నిర్వహించాలి. ముందే సంపాదించిన బ్యాడ్జీలు లెక్కకు వస్తాయి కానీ, అవెన్ని ఉన్నా ఆ గడువు తగ్గదు. స్టార్ నుంచి లైఫ్‌కూ, లైఫ్ నుంచి అన్నిటికంటే పై ర్యాంకైన ఈగిల్‌కూ కనీసం ఆరేసి నెలలు పడుతుంది.

జవాబు 2: ర్యాంకు ఇచ్చేముందు జరిగే బోర్డ్ ఆఫ్ రివ్యూ (సమీక్ష సమావేశం)లో నేర్చుకున్న తాళ్ల ముడులు మళ్లీ వేయిస్తారని పిల్లలు బెంగపడుతుంటారు. అది పునఃపరీక్ష కాదు. ఏం నేర్చుకున్నాడో, ట్రూపులో అనుభవం ఎలా ఉందో మాట్లాడతారు, అంతే.

జవాబు 3: ఈగిల్‌కు మొత్తం 21 బ్యాడ్జీలతో పాటు, ఇతరులకు నాయకత్వం వహించి పూర్తి చేసిన సేవా ప్రాజెక్టు ఉండాలి. దాని ప్రతిపాదనకు ఆమోదం రాకుండా పని మొదలుపెట్టకూడదు. అత్యుత్సాహంతో చాలామంది తడబడేది ఇక్కడే. ఈ షరతులన్నీ 18 ఏళ్లు నిండేలోపు పూర్తి కావాలి. బోర్డ్ ఆఫ్ రివ్యూ ఒక్కటే ఆ తర్వాత జరిగినా ఇబ్బంది లేదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. బాధ్యత ఎప్పుడు అప్పగిస్తారో ట్రూపును నడిపే స్కౌట్‌మాస్టర్‌ను మా అబ్బాయినే అడగమంటాను.