డ్రిల్ బ్యాటరీలో సెల్స్ మార్పించడం మేలా, కొత్త ప్యాక్ కొనడం మేలా?

నమస్కారం. మా నాన్నగారు వడ్రంగి పనికి వాడే 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ బ్యాటరీ ఛార్జింగ్ ఎక్కడం లేదు. ప్యాక్ విప్పి మల్టీమీటరుతో చూస్తే, వరుసగా కలిపిన ఐదు జతల 18650 సైజు లిథియం అయాన్ సెల్స్‌లో నాలుగు జతలు 3.7 వోల్టుల దగ్గర ఉండగా, ఒక జత మాత్రం 1.4కు పడిపోయింది, అంతగా దిగిపోయిన సెల్స్‌ను బలవంతంగా ఛార్జ్ చేస్తే లోపల షార్టయ్యే ప్రమాదం ఉంటుంది కనుక ఆ ప్రయత్నం చేయదలచుకోలేదు. ఆ జతనొక్కటే మారిస్తే పాత, కొత్త సెల్స్ మధ్య తేడా వల్ల ప్యాక్ మళ్లీ పాడవుతుందని, పదింటినీ మార్చడమే మంచిదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో గానీ రాణిగంజ్‌లో గానీ, సెల్స్‌కు టంకం వేడి తగలనివ్వకుండా నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్ చేసి, డ్రిల్ లాగే కరెంటును తట్టుకునే అసలైన హై డిశ్చార్జ్ సెల్స్ వేసేవారు ఎవరైనా ఉన్నారా? లోపలి బీఎంఎస్ బోర్డు (సెల్స్ ఛార్జింగును అదుపు చేసి వాటిని కాపాడే సర్క్యూట్) లాక్ అయి ఉంటే కొత్త సెల్స్ వేసినా ప్రయోజనం ఉండదా? నాన్నగారి చేతికి ఈ డ్రిల్ బాగా అలవాటైంది. అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.