ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోంది, తీసేయమంటున్నారు, ఏం చెయ్యాలండి?

పాలకొల్లు దగ్గర నుంచి:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు పక్క పల్లెటూరు, డాబా ఇల్లు, కింద భాగం మా నాన్నగారు 1996లో కట్టించారు, పైన రెండు గదులు మేం 2012లో వేసుకున్నాం. పోయినేడు మెయిన్ బోర్డు మార్పించినప్పుడు కిందకొకటి పైకొకటి, కరెంటు ఎటైనా లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు పెట్టించాం. పెట్టిన రోజు నుంచీ మనశ్శాంతి లేదు, వానొస్తే పడిపోద్ది, రాత్రి మెట్ల లైటు వేస్తే పడిపోద్ది, గీజర్ వేస్తే ఒక్కోసారి ఉంటది ఒక్కోసారి పడిపోద్ది. ఎలక్ట్రీషియన్ మూడుసార్లు వచ్చి చూసి, మన డెల్టాలో గోడలన్నీ చెమ్మేనండి ఇక్కడ ఇవి ఆగవు అని చెప్పి, నెల కిందట కింద దాన్ని బైపాస్ చేసి డైరెక్ట్ ఇచ్చేశాడు. అప్పట్నుంచి కరెంటు పోవట్లేదు, నిజమే. కానీ మొన్న గీజర్ వేసున్నప్పుడు మా అమ్మ బాత్రూంలో కుళాయి తిప్పబోతే చెయ్యి జివ్వుమందంట, టెస్టర్ పెట్టి చూస్తే కుళాయి మీద సన్నగా వెలుగుతోంది. ఎర్తు బానే ఉందండి అని ఆయన ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి వెలిగించి మరీ చూపించాడు. నిజంగా చెమ్మ ఉన్న చోట ఆర్‌సీసీబీ పనికిరాదా? ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి, భయంగా ఉంది.

భీమవరం నుంచి:
ముందు ఆ గీజర్ ఆపండి సార్. స్విచ్ కట్టెయ్యడం కాదు, ఎంసీబీ దించి ప్లగ్గు పీకి పక్కన పడెయ్యండి. అమ్మగారిని ఆ బాత్రూంకి పంపకండి. మిగతా మాటలన్నీ ఆ తర్వాత.

రాజమండ్రి నుంచి, వైరింగ్ పని చేసేవాడిని:
పై అన్నయ్య చెప్పింది ఇప్పుడే చెయ్యండి, చేశాక ఇది చదవండి, కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

చెమ్మ ఉన్న చోట ఆర్‌సీసీబీ పనికిరాదు అన్నది తలకిందులు మాటండి. చెమ్మ ఉన్న చోటే అది తప్పకుండా ఉండాలి. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని చూడటమే దాని పని, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే ఎక్కడో నేలలోకో గోడలోకో మనిషిలోకో పోతోందంటే, 0.3 సెకను లోపల కట్ చేసేస్తుంది. అది పడుతోందంటే మీ ఇంట్లో కరెంటు ఎటో కారుతోందని చెబుతోంది. మీ ఎలక్ట్రీషియన్ ఆ చెప్పేదాని నోరు నొక్కేశాడు, కారడం మాత్రం ఆగలేదు, అదే మీ అమ్మగారి చేతికి తగిలింది.

ఎంసీబీలు ఉన్నాయి కదా అంటారు చాలామంది. ఎంసీబీ లోడు ఎక్కువైతే, షార్ట్ అయితే వైరు కాలిపోకుండా ఆపడానికి, మనిషిని కాపాడటానికి కాదు. లెక్క చూడండి. గీజర్ లైనుకి 16 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ ఉందనుకుందాం, అది వెంటనే పడాలంటే 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. మీ ఎర్తు గుంట మంచిదే, 5 ఓమ్‌లే ఉంది అనుకున్నా ఫేజు వచ్చి గీజర్ బాడీకి పూర్తిగా తగిలితే 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లే పారుద్ది. ఎంసీబీ వెంటనే పడదు, వేడెక్కి పడేదాకా ఆ బాడీ మీద, ఆ నీళ్ళలో కరెంటు ఉంటూనే ఉంటది. అదే ఆర్‌సీసీబీకి 0.03 ఆంపియర్లు చాలు. అందుకే 2010లో సీఈఏ, అంటే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే ఎర్త్ లీకేజీ పరికరం గురించి రాశారు. 2023లో వాటి బదులు కొత్త నిబంధనలు వచ్చాయి, ఈ రక్షణ వాటిల్లోనూ ఉంది.

ఆ బల్బు పరీక్షని మాత్రం అసలు నమ్మకండి, ఇది మన వైపు బాగా అలవాటైపోయింది. 100 వాట్ల బల్బు వెలిగినప్పుడు దాని రెసిస్టెన్సే సుమారు 530 ఓమ్‌లు. మీ ఎర్తు 50 ఓమ్‌లు ఉండి పనికిమాలినదైనా బల్బుకి వచ్చే ఓల్టేజి పదో వంతే తగ్గుద్ది, కంటికి అలాగే వెలిగినట్టు ఉంటది. ఎర్తు చూడాలంటే ఎర్త్ టెస్టర్‌తోనే, రెండు ఇనుప పుల్లలు దూరంగా పాతి చూస్తారే అది.

ఇక మీ ఇంట్లో ఎందుకు పడుతోంది అన్నది. మీరు రాసిన మూడు లక్షణాలూ మూడు వేరే జబ్బుల్లా ఉన్నాయి నాకు. మెట్ల లైటు వేస్తే పడటం చెమ్మ కాదు, నూటికి తొంభై అది న్యూట్రల్ కలిసిపోవడమే. మెట్ల లైటుకి కింద ఒక స్విచ్ పైన ఒక స్విచ్ ఉంటది కదా, ఫేజు కింద నుంచి తీసుకుని న్యూట్రల్ పైనుంచి ఇచ్చేస్తారు, బల్బు వెలుగుద్ది, ఎవరికీ ఏమీ తెలీదు. ఆర్‌సీసీబీలు రెండు పెట్టగానే కింద దాంట్లోంచి వెళ్ళిన కరెంటు పై దాంట్లోంచి తిరిగొస్తోంది, దానికి అది లీకే. ఇన్వర్టర్ ఉందా మీకు? ఉంటే అక్కడా ఇదే గొడవ, ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్ మామూలు న్యూట్రల్‌తో ఒకే లింకులో, అంటే న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీలో, బిగించేస్తారు. వాటికి న్యూట్రల్ లింకు విడిగా పెట్టి, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి ఇంకో ఆర్‌సీసీబీ పెట్టించాలి.

వానకి ట్రిప్ అయ్యేది బయట లైన్ల వల్ల, అంటే గేటు లైటు, బోరు మోటారు, డాబా మీద ట్యాంకు దగ్గర జాయింట్లు. గీజర్ వేస్తే పడేది దాని లోపల నీళ్ళు వేడిచేసే ఎలిమెంటు పాడవడం వల్ల.

వెతికేటప్పుడు ఒక చిన్న విషయం. ఎంసీబీలన్నీ దించేసినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే అదే పాడైందని మార్చేస్తారు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే కట్ చేస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటది, ఎక్కడో స్విచ్ బోర్డు వెనకాల న్యూట్రల్ వైరు ఎర్తుకి తగిలి ఉన్నా పడిపోద్ది. కాబట్టి మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకులోంచి ఒక్కో సర్క్యూట్ వైరూ ఊడదీసి, వైరు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూడాలి. 500 ఓల్టుల మీద ఫేజు న్యూట్రల్ కలిపి ఎర్తుకి ఒక్క మెగా ఓమ్ అయినా రావాలి. చూసేముందు టీవీ, ఎల్ఈడీ లైట్లు, ఫ్రిజ్ అన్నీ తీసెయ్యమనండి, లేకపోతే వాటి లోపలి సర్క్యూట్లు పోతాయి. ఇది మీరు సొంతంగా చెయ్యొద్దు, వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషిని, మెగ్గర్, ఎర్త్ టెస్టర్ రెండూ ఉన్నవాడిని అడిగి పిలవండి. మెగ్గర్ ఎందుకండీ అన్నాడంటే ఇంకొకరిని చూసుకోండి.

అమలాపురం నుంచి, రిటైర్డ్ ఉద్యోగి:
పై తమ్ముడు చక్కగా చెప్పాడు. రెండు మాటలు కలుపుతాను. కొందరు ఇన్స్పెక్టర్ వచ్చి చూడాలి కదా అని కూర్చుంటారు. ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్స్పెక్టర్ అనుమతి 15 మీటర్ల కన్నా ఎత్తు భవనాలకి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకునే హైటెన్షన్ సర్వీసులకి, అలాంటివాటికి. మన ఇళ్ళకి లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు టెస్ట్ చేసి సంతకం పెట్టి ఇచ్చే రిపోర్టే ఆధారం, ఆ కాగితం అడిగి తీసుకుని దాచుకోవాలి, ఐదేళ్ళకోసారైనా మళ్ళీ చూపించుకోవాలి. స్తంభం నుంచి మీటరు దాకా న్యూట్రల్ లూజుగా ఉన్నా, లైట్లు ఒకటి బాగా వెలిగి ఒకటి మసగ్గా ఉన్నా అది కరెంటు సంస్థ పని, 1912కి చెప్పండి, మీరు ముట్టుకోకండి.

ఇంకోటి, 2012లో పైన వేశామన్నారు. ఇంటి పక్క నుంచి 11 కేవీ లైను వెళ్తోందేమో చూసుకోండి, ఇంటి గోడకి పక్కగా 1.2 మీటర్లు, డాబా మీద నుంచి అయితే 3.7 మీటర్లు ఎడం ఉండాలి. పై అంతస్తు వేశాక ఈ ఎడం తగ్గిపోయిన ఇళ్ళు కోనసీమలో నేను చాలా చూశాను.

లంక గ్రామం నుంచి:
మాకు ప్రతి ఏడూ ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక, 13.75 అడుగులు దాటిందంటే గుండెల్లో రాయే. వరద వచ్చి వెళ్ళిన ఇంట్లో బోర్డులు ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగించేవాళ్ళు ఉన్నారు, అలా చెయ్యకండి, మునిగిన ఎంసీబీ ఆర్‌సీసీబీ లోపలికి ఒండ్రు చేరితే పైకి బానే కనపడుద్ది కానీ అవసరానికి కదలదు, మార్చెయ్యడమే. మేం ప్లగ్గులన్నీ నాలుగడుగుల పైకి ఎత్తించాం, కిందకి ఒక్క వైరు కూడా దింపలేదు.

భీమవరం నుంచి:
చేపల, రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఎయిరేటర్లకి కూడా పెట్టండయ్యా ఇవి. గట్టు మీద కేబుల్ జాయింటు టేపు చుట్టి నీళ్ళలో వదిలేస్తారు, కుర్రాళ్ళు అదే నీళ్ళలో దిగుతారు.

పాలకొల్లు దగ్గర నుంచి:
పదిరోజులైంది, వచ్చి చెప్పకపోతే తప్పవుతుందని రాస్తున్నాను. నరసాపురం నుంచి మెగ్గర్ ఉన్న ఆయన్ని పిలిపించాం, ఒక రోజంతా పట్టింది. రాజమండ్రి అన్నయ్య చెప్పినట్టే మెట్ల లైటు ఫేజు కిందది న్యూట్రల్ పైది. గేటు లైటు వైరు గోడ బయట జాయింటులో నీళ్ళు పట్టి మెగా ఓమ్‌లో పదో వంతు కూడా రాలేదు, కొత్త వైరు జాయింటు లేకుండా లాగారు. గీజర్ ఎలిమెంటు చిట్లింది.

అసలు సంగతి ఎర్తు. ఎర్త్ టెస్టర్ పెడితే 70 ఓమ్‌లు చూపించింది, ఎర్తు వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే పెరట్లో తవ్వాల్సొచ్చింది. 1996లో నాన్నగారు పెరట్లో చేతిపంపు జీఐ పైపుకి ఎర్తు కట్టించారంట, అప్పుడది 60 అడుగుల ఇనప పైపు, బ్రహ్మాండంగా పనిచేసి ఉంటది. తర్వాత మోటారు బోరు పీవీసీ పైపుతో వేసినప్పుడు చేతిపంపు పీకేసి పైపు లాగేశారు, వైరు మాత్రం మట్టిలో మిగిలిన రెండడుగుల తుప్పు ముక్కకి అలాగే ఉండిపోయింది. ఎన్నేళ్ళుగా అలా ఉందో తల్చుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది.

రాజమండ్రి నుంచి:
తమ్ముడూ ఇది చదివి నాకూ ఒళ్ళు జలదరించింది. డెల్టాలో 30 ఏళ్ళు దాటిన ఇళ్ళు సగం ఇలాగే చేతిపంపుకో నీళ్ళ పైపుకో ఎర్తు కట్టినవే, పీవీసీ వచ్చాక అవన్నీ పోయాయి, చదివేవాళ్ళు ఒకసారి మీ ఎర్తు వైరు ఎక్కడికి వెళ్తోందో వెతకండి. 70 ఓమ్‌ల మీద ఫేజు పూర్తిగా బాడీకి తగిలినా 3 ఆంపియర్లు పారుద్ది, ఎంసీబీ జన్మలో పడదు. కొత్తది ఏం వేశారు?

పాలకొల్లు దగ్గర నుంచి:
రెండున్నర మీటర్ల జీఐ పైపులు రెండు, మధ్య దూరం ఇచ్చి బొగ్గు ఉప్పు వేసి దింపి కలిపారండి. మా దగ్గర నేల తడి పైనే ఉంటది కాబట్టి 2.8 ఓమ్‌లు వచ్చింది. ఉప్పునీళ్ళ వైపు కదా పైపు తొందరగా తినేస్తుందని, పైన క్లాంపు కనపడేలా సిమెంటు గుంట కట్టి మూత పెట్టారు, ఏడాదికోసారి తీసి చూడమన్నారు. ఆర్‌సీసీబీలు రెండూ మళ్ళీ లైన్లో ఉన్నాయి, నిన్న రాత్రి గట్టి వాన పడింది, ఒక్కటీ పడలేదు. అమ్మ మాత్రం ఇంకా ఆ కుళాయి ముట్టుకోవట్లేదు, బకెట్‌తో బయట నుంచే నీళ్ళు తెచ్చుకుంటోంది.

రాజమండ్రి నుంచి:
అమ్మగారి ముందే ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూపించండి, టక్కున పడుద్ది, ఆవిడకి ధైర్యం వస్తది. ఆ బటన్ నెలకోసారి మీరూ నొక్కండి, అది ఆర్‌సీసీబీ పనిచేస్తోందనే చెబుద్ది, ఎర్తు సంగతి చెప్పదు. అందుకే ఆ 2.8 రీడింగు, తేదీ మెయిన్ బోర్డు తలుపు లోపల మార్కర్‌తో రాసిపెట్టి, వచ్చే ఎండాకాలం నేల ఎండినప్పుడు మళ్ళీ కొలిపించి దాని కిందే రాయండి.