ప్రొటీన్ల జతను విడగొట్టే మాలిక్యూల్స్ మీద ఇప్పుడు పీహెచ్‌డీ చేయొచ్చా?

హెబ్బాళ విద్యార్థి:
అందరికీ నమస్కారం. మాది కదిరి. బెంగళూరులో పీహెచ్‌డీ మొదటి ఏడాది. కణంలో అక్కర్లేని ప్రొటీన్ల మీద యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ ముద్రలా పడుతుంది, ముద్ర పడ్డవి ప్రొటియాసోమ్‌లో ముక్కలవుతాయి. ఎవరి మీద వేయాలో తేల్చేవి ఈ3 లైగేజులు, మనిషిలో 600 పైనే ఉన్నాయి. గైడ్ నా ముందు రెండు పనులు పెట్టారు. ఒకటి, ఒక ఈ3 తన ప్రొటీన్‌ను పట్టుకోకుండా అడ్డుపడే చిన్న మాలిక్యూల్ వెతకడం. రెండోది డిగ్రేడర్, అంటే ఈ3ని వేరే ప్రొటీన్ దగ్గరికి చేర్చి దాన్ని ముక్కలు చేయించేది. అడ్డుపడే మందుల పని అయిపోయిందని సీనియర్లు అంటున్నారు. నాకు మొదటిదే ఇష్టం. టెన్షన్‌గా ఉంది.

బొమ్మసంద్ర కెమిస్ట్:
తమ్ముడూ, వద్దు. పదమూడేళ్లుగా మందుల కెమిస్ట్రీలో ఉన్నాను, నాలుగేళ్లు అచ్చంగా ఇదే పని. రెండు ప్రొటీన్లు ఆనుకునే చోటు చాలావరకు చదునుగా ఉంటుంది, మాలిక్యూల్ కుదురుకోవడానికి గుంట దొరకదు. ఎండీఎం2 అనే ఈ3 విషయంలో అదృష్టం కలిసొచ్చింది. అది పట్టుకునేది పీ53ని, క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్; పీ53 తన ఫినైల్ అలనీన్ 19, ట్రిప్టోఫాన్ 23, ల్యూసిన్ 26 అనే మూడు అమైనో ఆమ్లాలనూ దాని గుంటలోకి దించుతుంది. రోష్ వాళ్లు 2004లో బయటపెట్టిన నట్లిన్లనే మాలిక్యూల్స్ సరిగ్గా ఆ మూడింటి చోట్లో కూర్చున్నాయి. అంత మంచి గుంట దొరికి కూడా ఏమైంది? ఆ కుటుంబంలోని ఇడసానట్లిన్ రక్త క్యాన్సర్ మూడో దశ ట్రయల్‌లో రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది.

కణజీవి:
ఓడింది గుంట కాదండీ. పీ53 లేస్తే అదే వెళ్లి ఎండీఎం2 జన్యువును నడిపిస్తుంది. అంటే మనం ఎంత అడ్డుపడితే, అడ్డుకోవాల్సిన ప్రొటీన్ అంత పెరుగుతుంది. పైగా ఆరోగ్యంగా ఉన్న మూలుగలో కూడా పీ53 లేచి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, డోసు ఆపాల్సి వస్తుంది. క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో పీ53 ముందే చెడిపోయి ఉంటుంది, వాటికి ఈ మందు ఇచ్చినా పనిచేయదు. ఇవన్నీ ఆ ఒక్క జత తిప్పలు. 600 ఈ3లకూ ఇదే గతి అని ఎలా అంటారు?

వైట్‌ఫీల్డ్ శీను:
అన్నా, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే లెనలిడోమైడ్ కూడా ఈ3 మీదేగా పనిచేసేది? మన హైదరాబాద్ నాట్కో జనరిక్ 2022లో అమెరికాకు కూడా వెళ్లింది.

బొమ్మసంద్ర కెమిస్ట్:
అది అడ్డుపడే మందు కాదు శీనూ. సెరెబ్లాన్ అనే ఈ3కి అంటుకుని ఇకారోస్, ఐయోలోస్ అనే ప్రొటీన్లను దగ్గరికి తెస్తుంది. జిగురు పని.

వైట్‌ఫీల్డ్ శీను:
సెరెబ్లాన్ మామూలుగా పట్టుకునే మీస్2 అనే ప్రొటీన్‌ను పట్టుకోనివ్వదని 2014లోనే తేల్చారుగా. మరి అది అడ్డుపడటం కాదా?

బొమ్మసంద్ర కెమిస్ట్:
మైలోమా రోగికి మేలు జరిగేది ఆ రెండూ ముక్కలవడం వల్ల. మీస్2 సంగతి పక్కన పెట్టు.

వైట్‌ఫీల్డ్ శీను:
పక్కన ఎందుకు పెట్టాలి? జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

హోసూరు రోడ్ లత:
అబ్బాయి అడిగింది ఒకటి, మీరు మాట్లాడుకుంటున్నది ఒకటి.

కణజీవి:
బాబూ, నీ సీనియర్లను ఒక్క మాట అడుగు, డిగ్రేడర్‌కు ఈ3ని పట్టుకునే కొక్కెం ఎక్కడి నుంచి వచ్చిందని. 2001 నాటి మొదటి ప్రొటాక్‌లో (రెండు కొనలున్న డిగ్రేడర్‌ను అలా అంటారు) ఆ కొక్కెం పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, కణంలోకి సరిగా దూరేది కాదు. 2008లో పూర్తిగా చిన్న మాలిక్యూల్స్‌తో చేసిన మొదటి ప్రొటాక్‌లో కొక్కెం నట్లినే. వీహెచ్ఎల్ అనే ఈ3, అది పట్టుకునే హిఫ్-1 ఆల్ఫా జతను విడగొట్టే మాలిక్యూల్స్ 2012లో వచ్చాయి, వాటి సంతతే ఇవాళ ఎన్నో ల్యాబుల ప్రొటాక్‌లలో ఈ3ని పట్టుకునే కొక్కెం. బొమ్మసంద్ర గారూ, ఆ నాలుగేళ్లు మీరు చేసింది వృథా కాదు.

బొమ్మసంద్ర కెమిస్ట్:
ఆ మాట మాత్రం అనకండి మేడం. నాలుగేళ్లు పగలూ రాత్రీ హుడ్ ముందు నిలబడ్డాను. ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది, ప్రాజెక్టు మూసేశామని. ఎందుకో చెప్పలేదు. సోమవారానికి నోట్‌బుక్‌లు తీసుకుపోయారు. పేపర్ లేదు, పేటెంట్‌లో పేరు లేదు. ఆ ఈ3 మీద ఏ దారులు మూసుకుపోయాయో నాకు తెలుసు, సంతకం పెట్టాను కాబట్టి ఇక్కడ కూడా చెప్పలేను. ఇంకెవరో ఇవాళ అదే దారిలో పోతుంటారు. ఎవరికి ఉపయోగపడిందని వృథా కాదంటారు?

కణజీవి:
క్షమించండి, ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నా బాధా వినండి. ఒక పేపర్ నమ్మి, ఫలానా జతను విడగొడుతుందన్న మాలిక్యూల్ కొన్నాను. దానితో రెండేళ్లు ప్రయోగాలు చేశాను. చివరికి అది దొరికిన ప్రతి ప్రొటీన్‌కూ అంటుకునే రకమని తేలింది. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్లు ఇందులోకి రావాలంటాను. మీకు జరిగిన అన్యాయం ఆ కంపెనీ చేసింది, ఈ అబ్బాయిని అందుకని ఆపకండి.

బొమ్మసంద్ర కెమిస్ట్:
నేను ఆపేది కంపెనీ మీద కోపంతో కాదు. మాలిక్యూల్ ట్రయల్ దాకా వెళ్లాలంటే ఏదో ఒక కంపెనీ చేతిలో పడాల్సిందే, అక్కడ ఈ అబ్బాయి మాట చెల్లదు. పోనీ యూనివర్సిటీలోనే ఉండి పని కుదరలేదని రాస్తే, ఆ థీసిస్ చూసి ఈ ఊళ్లో ఉద్యోగం ఎవరిస్తారు?

కణజీవి:
నేను ఇస్తాను. నా ల్యాబ్‌లో ఇచ్చాను కూడా.

బొమ్మసంద్ర కెమిస్ట్:
మీలాంటివాళ్లు ఎందరున్నారు మేడం?

హెబ్బాళ విద్యార్థి:
గైడ్‌ను ఇవాళే అడిగాను. ఫలితం ఎలా వచ్చినా బయటపెడదామన్నారు, మెయిల్‌లో రాసిచ్చారు. మొదటిదే తీసుకుంటున్నాను. బొమ్మసంద్ర అన్నా, కోపం తెచ్చుకోకండి.

బొమ్మసంద్ర కెమిస్ట్:
కోపం లేదు. మొదటి హిట్, అంటే అడ్డుపడినట్టు కనిపించే మాలిక్యూల్, రాగానే గంతులేయకు. 0.01 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపి మళ్లీ కొలువు. అడ్డుపడటం ఆగిపోతే అది గుంటలో కూర్చోలేదు, గుంపుగా పేరుకుంది. ఆ పరీక్షలో నిలబడితే, గుంటలోని ఒక అమైనో ఆమ్లాన్ని మార్చిన ప్రొటీన్‌తో ఇంకోసారి చూడు, దానికి మునుపటిలా అంటుకోకూడదు. రెండూ దాటింది ఏదైనా దొరికితే ఇక్కడ రాయి, స్ట్రక్చర్ చూస్తాను.