ఓడ బ్లాకులు కలిపేటప్పుడు కొలతలు ఎలా సరిపోతాయి? షిప్‌యార్డులో పనిచేసినవాళ్ళు చెప్పగలరా?

నమస్కారం అండీ. మాది విశాఖ. మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. 1948లో జల ఉష అనే ఓడ మా ఊళ్ళోనే నీళ్ళలోకి దిగిందని వింటూ పెరిగినవాణ్ణి, ఓడల నిర్మాణంలోకే వెళ్ళాలని గట్టి కోరిక.

ఇప్పుడు ఓడని అడుగు నుంచి ఒక్కో ప్లేటూ అతుక్కుంటూ పోరు కదా. వందల టన్నుల బ్లాకులుగా విడివిడిగా కట్టి, చాలావరకు పైపులు, కేబుల్ ట్రేలు కూడా ముందే బిగించి, క్రేన్‌తో డాక్‌లో దించి వెల్డింగ్ చేస్తారు. నా సందేహమంతా అక్కడే. వెల్డింగ్ వేడికి ప్లేటు వంగుతుంది, చల్లారాక కురచవుతుంది. పైగా మన ఎండలు! 20 మీటర్ల ఉక్కు బ్లాకు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.4 మిల్లీమీటర్లు సాగుతుంది. మరి రెండు బ్లాకుల అంచులు, లోపలి స్టిఫెనర్లు (ప్లేటు వంగకుండా అతికే ఉక్కు పట్టీలు), పైపులు అన్నీ ఒకేసారి ఎలా కలుస్తాయి?

అంచున కొంత ప్లేటు అదనంగా వదిలి, టోటల్ స్టేషన్‌తో (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) కొలిచాక కోస్తారని తెలుసు. ఆ అదనం ఎంతో డిజైన్ ఆఫీసులోనే లెక్క కడతారా, యార్డు అనుభవాన్ని బట్టి నిర్ణయిస్తారా? కొలతలు ఎండ ఎక్కకముందే తీస్తారా? ఏ జాయింటు ముందు, ఏది తర్వాత అన్న వెల్డింగ్ వరస ఎవరు రాసిస్తారు?

ఇంకొకటి. ఈ పనికి నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) డిగ్రీ తప్పనిసరా, డిప్లొమాతో చేరి నేర్చుకోవచ్చా? ఇంట్లో త్వరగా ఏదో ఒక ఉద్యోగం చూసుకోమంటున్నారు, టెన్షన్‌గా ఉంది. విశాఖలోనో, కొచ్చిలోనో, గల్ఫ్‌లోనో యార్డుల్లో పనిచేసిన అన్నలు, అక్కలు దయచేసి కాస్త వివరంగా రాయండి.