క్విల్టు పొరలు కలపడానికి: స్ప్రేనా, పిన్నీసులా, టాకాలా?

కుట్టుపిచ్చి, డాలస్:
90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు క్విల్టుకి పైభాగం కుట్టేశాను. అడుగు గుడ్డ, మధ్యలో దూది పొర, ఈ పైభాగం మూడూ అసలు కుట్టు వేసేదాకా కదలకుండా కలపాలంటేనే టెన్షన్. నేలమీద పాకడం నా మోకాళ్ల వల్ల కాదు. స్ప్రే జిగురు కొడితే చిటికెలో అయిపోతుంది కదా, అందరూ ఎందుకు వద్దంటున్నారు?

సూదిమందు:
డబ్బా వెనకాల చదవండి. కిటికీలు తీసి పెట్టుకోమనీ, మంట దగ్గర వాడొద్దనీ ఉంటుంది. మీరేమో ఏసీ వేసుకుని తలుపులు మూస్తారు. ఇక చేత్తో కుట్టేవాళ్లకైతే సూదికి జిగురు పట్టి గుడ్డలో దిగదు. వంపు తిరిగిన పిన్నీసులు కొనండి. మధ్య నుంచి అంచులకు, నాలుగేసి అంగుళాలకొకటి. అంతే.

బల్లమీద బొంత:
"అంతే" అంటే ఎన్నో లెక్కేశారా? ఆవిడ చెప్పిన కొలతకి 550 దాటుతాయి! మెషీన్ మీద కుట్టేటప్పుడు ఒక్కోదాని దగ్గరా ఆగి తీయాలి. పైగా పాకుడు తప్పలేదు.
నా మాట వినండి అక్కా. క్విల్టు వెడల్పు కన్నా కాస్త పొడవున్న చెక్క పట్టీలు రెండు తెచ్చుకోండి. అడుగు గుడ్డ ఒకదానికి, పై గుడ్డ ఇంకోదానికి చుట్టండి. భోజనాల బల్లమీద మూరెడు విప్పి, మధ్యలో దూది పొర పెట్టి, అరచేత్తో నిమిరి పొడుగు టాకాలు వేయండి. ఆ మేర ఒళ్లోకి లాక్కుని మరో మూర విప్పండి. చెక్క బరువుకి గుడ్డ సాగకుండా సమంగా పరుచుకుంటుంది. సూది మొన పైకి రావడానికి టీ చెంచా అంచు ఆనించండి, వేళ్లు పుండు కావు. టాకాలకి తెల్ల దారమే వాడండి, రంగు దారమైతే పీకేశాక నూగు మిగులుతుంది. అడుగు గుడ్డ అన్నివైపులా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుండాలి.

పాతచీరలు, తెనాలి:
మన బొంతకి ఇంత తతంగం ఎప్పుడైనా ఉందా? పాత చీరలు మడతలేసి అంచు నుంచి కుట్టుకుంటూ పోవడమే. కర్ణాటకలో సిద్దీ తెగ ఆడవాళ్లు కవంది అనే తమ అతుకుల బొంతని కూడా అంచు దగ్గరే మొదలెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుడతారు.

బల్లమీద బొంత:
నిజమే పిన్నీ, కానీ కవందిలో ముక్కలు కుడుతూ కుడుతూ అమరుస్తారు. గుడ్డ ఎక్కడ ఎక్కువైతే అక్కడ మడిచేస్తారు. ఈవిడ పైభాగం ముందే అతికేశారు. అంచు నుంచి లోపలికి వెళితే మిగిలిన గుడ్డంతా నడిమధ్యలో ఉబ్బుతుంది.

సూదిమందు:
మూరెడు మూరెడు విప్పుకుంటూ ఎన్నాళ్లు కుడతారో కూడా చెప్పండి.

బల్లమీద బొంత:
టీవీ చూస్తూ రెండు మూడు సాయంత్రాలు. నడుం పట్టేసి మంచమెక్కే కంటే నయం కదా!

కుట్టుపిచ్చి, డాలస్:
చెక్కలు తెస్తున్నాను. పాపాయి ఉయ్యాల క్విల్టుకి మాత్రం స్ప్రే మానను, పెరట్లో కొట్టుకుంటాను.

సూదిమందు:
గాలి లేని రోజు చూసుకోండి.