గ్యాస్ స్టేషన్ అమ్మిపెట్టే బ్రోకర్‌కి లైసెన్స్ ఉండాలా వద్దా?

ఫ్రిస్కో_వాసి:
అందరికీ నమస్కారం. పదేళ్లుగా అకౌంటింగ్‌లో ఉన్నా, మనవాళ్ళు గ్యాస్ స్టేషన్లు, గ్రోసరీ షాపులు కొంటుంటే లెక్కలు చూసిపెట్టేవాణ్ణి, ఇప్పుడు బిజినెస్ బ్రోకర్‌గానే దిగుదామనుకుంటున్నా. తీరా కనుక్కుంటే టెక్సస్‌లో ఒట్టి బిజినెస్ అమ్మిపెట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. కమీషన్ తీసుకుని స్థలం గానీ లీజు గానీ ఇప్పిస్తేనే రియల్ ఎస్టేట్ లైసెన్స్ అడుగుతారు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో మాత్రం ఒట్టి బిజినెస్‌కి కూడా అదే లైసెన్స్ కావాలి. ఇక్కడ కూడా పెట్టాలనే నేనంటా. మీరేమంటారు?

లెక్కల_పిచ్చి:
నేనొప్పుకోను బ్రో. ఏజెంట్ లైసెన్స్ కోసం ఇక్కడ 180 గంటల కోర్సులు చదవాలి, నేను చదివా కాబట్టి చెప్తున్నా, అంతా ఇళ్ళ కాంట్రాక్టులు, ఫైనాన్స్, ఏజెన్సీ చట్టం. షాపు టాక్స్ రిటర్న్ ఎలా చూడాలో, సరుకు ఎలా లెక్కపెట్టాలో ఒక్క ముక్క లేదు. ఆ కాగితం చూసి నమ్మితే ఇంకా ప్రమాదం. కంపెనీ షేర్లే చేతులు మారే డీల్స్‌కి కూడా ఫెడరల్ వాళ్ళే సడలించారు కదా, ఎబిట్డా (వడ్డీ, పన్నులు, తరుగుదల తీయకముందు లాభం) 25 మిలియన్ డాలర్ల లోపు గానీ ఆదాయం 250 మిలియన్ల లోపు గానీ ఉన్న ప్రైవేట్ కంపెనీని అమ్మిపెట్టే బ్రోకర్ 2023 మార్చి 29 నుంచి ఎస్ఈసీలో (షేర్ల లావాదేవీలు చూసే ఫెడరల్ సంస్థ) రిజిస్టర్ అవ్వక్కర్లేదు. కొన్నవాళ్ళ డబ్బు తన దగ్గర పెట్టుకోకూడదు లాంటి షరతులు ఉన్నాయనుకోండి, స్టేట్ చట్టాలు కూడా వేరే చూసుకోవాలి.

తెనాలి_అబ్బాయి:
మీరిద్దరూ బ్రోకర్ వైపు నుంచే మాట్లాడుతున్నారు, నేను కొని మునిగినవాణ్ణి. నేనూ మా బావమరిదీ కలిసి డాలస్‌కి గంటన్నర దూరంలో స్టేషన్ తీసుకున్నాం. బ్రోకర్ తెలుగువాడే, పేరొద్దులెండి. నెలకి లక్ష గ్యాలన్ల పెట్రోల్ పోతుందని ఎక్సెల్ షీట్ చూపించాడు, మేం దాన్నే పట్టుకున్నాం. తాళాలు చేతికొచ్చాక సప్లయర్ ఇన్వాయిస్‌లు తెప్పించి రాత్రంతా కూర్చుని కూడితే ఏ నెలా 60 వేలు దాటలేదు. అది చాలదన్నట్టు పాత ఓనర్ కట్టని సేల్స్ టాక్స్ మా మెడకు చుట్టుకుంది. కొనేముందు స్టేట్ టాక్సులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు నుంచి బాకీ లేదనే సర్టిఫికెట్ తీసుకోవాలట, లేకపోతే కొన్నవాడి మీదే పడుతుందట, క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే రోజు) దాకా ఒక్కడూ ఆ మాట ఎత్తలేదు. పరీక్షలో ఏం నేర్పుతారన్నది నాకనవసరం అన్నా. ఇల్లు అమ్మే ఏజెంట్ మోసం చేస్తే లైసెన్సులిచ్చే స్టేట్ రియల్ ఎస్టేట్ కమిషన్‌కి కంప్లయింట్ పెట్టొచ్చు, కోర్టులో గెలిచాక కూడా వాడు డబ్బు కట్టకపోతే ఆదుకోడానికి రికవరీ ఫండ్ ఉంది. మాకెవరున్నారు? లాయరేమో ముందు రిటైనర్ (అడ్వాన్స్ ఫీజు) కట్టమంటాడు.

లెక్కల_పిచ్చి:
చదువుతుంటే బాధేసింది తమ్ముడూ. ఒక్క మాట చెప్పు, లీజు ఎవరు మాట్లాడారు?

తెనాలి_అబ్బాయి:
వాడే. ల్యాండ్‌లార్డ్‌తో అద్దె తగ్గించి మాట్లాడానని గొప్పగా ఈమెయిల్ కూడా పెట్టాడు.

ఫ్రిస్కో_వాసి:
అయితే ఆగండి. లీజు ఇప్పించి, దానికీ కలిపి కమీషన్ తీసుకుని ఉంటే, అతనికి లైసెన్స్ లేకపోతే అది ఇప్పుడున్న చట్టం ప్రకారమే తప్పు. లైసెన్స్ లేనివాడి మీద కూడా కమిషన్‌కి కంప్లయింట్ ఇవ్వొచ్చు. రికవరీ ఫండ్ మాత్రం రాదు, అది లైసెన్స్ ఉన్నవాళ్ళ కేసులకే. అందుకే నేను మొదటినుంచీ అందరికీ పెట్టమంటున్నది.

లెక్కల_పిచ్చి:
ఫండ్ మాట ఒప్పుకుంటా, ఆ సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఆ 180 గంటల సిలబస్ పెట్టొద్దు, బిజినెస్ అమ్మకాలకి వేరే పరీక్ష, వేరే ఫండ్ పెడితే నేనూ సంతకం పెడతా.

తెనాలి_అబ్బాయి:
వాడి పేరు కమిషన్ సైట్‌లో ఇప్పుడే వెతికా, లేదు. క్లోజింగ్ స్టేట్‌మెంట్ గ్యారేజ్‌లో డబ్బాలో ఉంది, కమీషన్ దేనికని రాశారో రేపు పొద్దున తీసి చూసి ఇక్కడే పెడతా.